హెడ్జ్ నడుమ మడిలో నాటే మొక్కకు త్వరగా పాకడమే అర్హత కాకూడదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

తొలకరి పడగానే పురపాలక సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు పార్కుల్లో మొక్కలు నాటించే పనిలో పడతాయి. పెద్ద చెట్ల ఎంపిక గురించి ఇప్పుడు కొంత చర్చ జరుగుతోంది. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు విషయంలో ఆ చర్చ ప్రభుత్వాల దాకా వెళ్లింది, గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. అయితే పార్కుల్లో నడిచే దారుల వెంట గోరింట, నూరు వరహాలు, నాగగొలుగు, డురాంటా వంటి వాటిని కంచెలా, అంటే హెడ్జ్‌గా కత్తిరించి, వాటి నడుమ వదిలిన మడుల్లో ఏం నాటాలన్న సంగతిని మాత్రం గుత్తేదారు ఇష్టానికీ, ఆ రోజు నర్సరీలో దొరికిన సరుకుకూ వదిలేస్తున్నారు. ఉద్యాన రంగంలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న వ్యక్తిగా, ఈ చిన్న మడుల గురించి నాలుగు మాటలు మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

ఇలాంటి మడుల్లో సాధారణంగా చలికాలం బంతి, పెటూనియా వంటి కాలానుగుణ పూలమొక్కలు పెడతారు. ఫిబ్రవరి దాటాక అవి ఎండిపోతాయి, మళ్లీ డబ్బు మంజూరయ్యే దాకా నేల బోసిగా ఉంటుంది, ఈలోగా తుంగ, వయ్యారిభామ వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఏడాది పొడవునా పచ్చగా ఉండి, నేలను కప్పుకుంటూ పరుచుకునే మొక్కలే ఈ మడులకు సరైనవన్న విషయంలో నాకు సందేహం లేదు. ఇబ్బంది అల్లా ఏ మొక్క అన్న దగ్గరే వస్తోంది.

‘గ్రౌండ్ కవర్ కావాలి’ అనగానే చాలా నర్సరీలలో ముందుగా చేతికిచ్చేది వెడీలియా. ముదురు ఆకుపచ్చ ఆకులు, చిన్న పొద్దుతిరుగుడు పువ్వులా కనిపించే పసుపు పూలు, చవక ధర, ఎండకూ నీడకూ ఓర్చుకునే గుణం, ఒక్క వానాకాలంలోనే మడి నిండిపోయే వేగం, ఇవన్నీ చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాలకు చెందిన ఈ మొక్కను ప్రపంచంలోని నూరు అతి హానికరమైన చొరబాటు జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ నిపుణులు చేర్చారు. ఎందుకు చేర్చారో తెలుసుకోవడానికి ఒక తీగను నేల మీద నుంచి మెల్లగా లేపి చూస్తే చాలు. ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్లు గుత్తిగా మట్టిలోకి దిగి ఉంటాయి, లాగితే తీగ కణుపుల మధ్య తెగుతుంది గానీ వేళ్లు కదలవు. తెగిన ముక్క ప్రతిదీ మళ్లీ ఒక మొక్క. తోటమాలి కత్తిరించిన చెత్తను బండిలో వేసి ఊరవతల కాలువ గట్టున పారబోస్తే, తేమ తగిలిన ప్రతి ముక్కా అక్కడ బతుకుతుంది, గట్టు మీద మన గడ్డి జాతులకు చోటు లేకుండా చేస్తుంది. మడిలోనూ అంతే. రెండో ఏడు అది హెడ్జ్ మొదళ్లలోకి దూరి, నూరు వరహాల కొమ్మల మీదుగా పైకి ఎగబాకుతుంది. అప్పుడు దాన్ని తీయాలంటే హెడ్జ్ వేళ్లను కూడా కదిలించవలసి వస్తుంది.

ఈ విషయంలో మన దేశానికి పాత అనుభవమే ఉంది. అడవుల్లో ఇవాళ ఎక్కడ చూసినా కనిపించే తలంబ్రాల చెట్టు, అంటే లాంటానా, బ్రిటిష్ వారి కాలంలో 19వ శతాబ్దం మొదట్లో తోటల అలంకరణ కోసం, కంచెల కోసం తెచ్చిన మొక్కే. ముచ్చటగా ఉందని తోటలోకి రానిచ్చినదాన్ని అడవిలోంచి ఇప్పటికీ వెళ్లగొట్టలేకపోతున్నాం. అందుకే ఒక మొక్క ఎంత త్వరగా పాకుతుందన్నది అడగవలసిన మొదటి ప్రశ్న కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మొక్క ఎక్కడ ఆగుతుంది, ఆపాలంటే ఎంత శ్రమ అన్నదే ముందు అడగాలి.

ఆ తరువాత చూడవలసింది వెలుతురు. హెడ్జ్ ఉన్న మడిలో వెలుతురు అంతటా ఒక్కలా ఉండదు, ఏడాదంతా ఒక్కలా కూడా ఉండదు. తూర్పు పడమరలుగా సాగిన మూడడుగుల హెడ్జ్‌ను తీసుకుంటే, హైదరాబాద్‌లో డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నం సైతం దాని నీడ ఉత్తరం వైపు సుమారు రెండున్నర అడుగుల మేర పడుతుంది, అంటే నాలుగడుగుల మడిలో సగానికి పైగా చలికాలమంతా ఎండ తగలదు. అదే మే నెలలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి ఆ నీడ పూర్తిగా తొలగి, నిన్నటిదాకా చల్లగా ఉన్న మొక్కల మీద నిప్పులు చెరిగే ఎండ నేరుగా పడుతుంది. నీడలో నిగనిగలాడే హెమిగ్రాఫిస్, స్పైడర్ ప్లాంట్ ఇలాంటి చోట వేసవిలో ఆకు అంచులు మాడి వికారంగా తయారవుతాయి. వాటిని పెద్ద చెట్టు కింద ఉన్న మడులకు ఉంచుకుని, హెడ్జ్‌కు ఉత్తరం పక్కన ఉండే ఈ భాగానికి పొట్టి రకం రియోను ఎంచుకోవడం మేలు. ఆకు పైన ఆకుపచ్చగా, అడుగున ఊదా రంగులో ఉండే ఈ మొక్క ఎండనూ నీడనూ రెంటినీ సహిస్తుంది, గుబురుగా పెరిగి పిలకలతో నెమ్మదిగా విస్తరిస్తుంది, ఎక్కువైన చోట చేత్తో పీకితే వచ్చేస్తుంది. దాని రసం కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది కనుక, పనివారికి చేతి తొడుగులు ఇవ్వడం మరువకూడదు.

పూర్తి ఎండ పడే మడికి నేను ముందుగా సూచించేది మన చెరువు గట్ల మీదా పొలం గట్ల మీదా పెరిగే బొక్కెనాకు. నర్సరీవారు దీన్ని కలుపుగానే చూస్తారు. నిజానికి నేలను అంటిపెట్టుకుని పరుచుకునే ఈ మొక్క కొంత తొక్కిడిని ఓర్చుకుంటుంది, దాని తెల్లని, లేత ఊదా పూల మీద సీతాకోకచిలుకలు, తేనెటీగలు రోజంతా వాలుతుంటాయి. పిల్లలు చెప్పులు లేకుండా ఆడుకునే పచ్చిక పక్కన మాత్రం ఆ తేనెటీగలను దృష్టిలో పెట్టుకుని దీన్ని వేయకపోవడమే మంచిది. ఇదీ కణుపుల దగ్గర వేరు దించేదే గనుక మడి అంచున ఇటుకల గట్టు, అప్పుడప్పుడు అంచు కత్తిరింపు తప్పవు. కానీ ఇది మన నేలలో ఎప్పటి నుంచో ఉన్నది, తప్పించుకుని గట్టుకు చేరినా అది తన పాత చోటుకు చేరినట్టే.

నీటి వసతి బాగా ఉన్న కోస్తా పట్టణాలలో అలంకార వేరుశనగ మంచి ఎంపిక. బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ మొక్క వేళ్ల బొడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది, పసుపు పూలు పూస్తుంది, పచ్చికలా తరచు కోత అడగదు. అనంతపురం వంటి చోట తడి లేకుండా వేస్తే మాత్రం వేసవిలో ఆకు రాల్చి పలచబడుతుంది. అక్కడ ఊదా ఆకుల పర్పుల్ హార్ట్, వామాకు నిలబడతాయి. ముఖ్యంగా వామాకును కొమ్మ ముక్కలతోనే పెంచుకోవచ్చు, కాలనీవాసులు వంటకు తుంచుకుపోతారన్న భయం అక్కర్లేదు, ఆ తుంచడమే దాన్ని గుబురు చేస్తుంది.

మొక్క సరైనదైనా నాటే తీరులో చెడిపోవడం తరచు చూస్తుంటాను. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి రెండు రాష్ట్రాలకూ లారీల కొద్దీ మొక్కలు వెళ్తాయి. అక్కడి గాలిలో తేమ, షేడ్ నెట్ కింది చల్లదనం, గోదావరి ఒండ్రు మట్టి ముద్ద, ఈ మూడింటికీ అలవాటు పడిన మొక్కను దించిన రోజే హైదరాబాద్ గరుకు ఎర్రనేలలో పెడితే, చుట్టూ పోసిన నీరు ఇసుకలోంచి జారిపోతుంది తప్ప ఎండి గట్టిపడిన ఆ బంక ముద్దలోకి ఇంకదు. మొక్క వాడిందని నీళ్లు పెంచుతారు, అయినా వాడుతూనే ఉంటుంది. కొన్నాళ్లు అరనీడలో ఉంచి, నాటే ముందు ముద్దను నీటిలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో వదులు చేసి నాటితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. అంతకన్నా ముందు మడిని జానెడు లోతున తవ్వి తుంగ గడ్డలను ఏరివేయాలి. పైపైన గీకి వదిలేస్తే అవి కొత్త మొక్కల మధ్య నుంచి మళ్లీ లేస్తాయి, అప్పుడు ఏరడం సాధ్యపడదు. హెడ్జ్ మొదలు నుంచి అడుగు వెడల్పున ఖాళీ వదిలి అక్కడ ఆకు తుక్కు పరిస్తే హెడ్జ్ వేళ్లకూ వీటికీ పోటీ తగ్గుతుంది, కత్తిరింపుకు వచ్చిన మనిషి నిలబడడానికి చోటూ ఉంటుంది.

మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం విషయంలో గుత్తేదార్లు చేసే అతిని కూడా ప్రస్తావించాలి. 100 చదరపు అడుగుల మడికి అడుగు ఎడంలో 100 మొక్కలు సరిపోతాయి. తొమ్మిది అంగుళాల ఎడమైతే సుమారు 180 పడతాయి. ప్రారంభోత్సవం నాటికే మడి నిండుగా కనిపించాలని ఇంకా ఒత్తుగా కుక్కితే గాలి ఆడక, వానాకాలంలో మొదళ్లు కుళ్లి, మధ్యలో బొక్కలు పడతాయి. ఆ డబ్బుతో పశువుల ఎరువు, వేపపిండి వేయించడం ఎంతో మేలు.

తెలంగాణలో 2019 పురపాలక చట్టం ప్రకారం పట్టణాలు తమ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలి. అంత నిధి ఉన్నప్పుడు టెండరు పత్రంలో ‘గ్రౌండ్ కవర్ మొక్కలు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, మొక్క శాస్త్రీయ నామం, ఎడం, ఏ దిక్కు మడికి ఏ మొక్క, కత్తిరించిన తీగలను ఎక్కడ ఎండబెట్టి పారవేయాలి అన్నవి రాయించడం పెద్ద పని కాదు. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కలసి కోస్తా, రాయలసీమ, తెలంగాణ నేలలకు వేర్వేరుగా నాటదగిన, నాటకూడని పాకే మొక్కల జాబితాను తెలుగులో ప్రచురించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ నాటకూడని జాబితాలో మొదటి పేరు వెడీలియా కావాలి. ఇప్పటికే వేసిన చోట దాన్ని తీయించే పని నేల మెత్తగా ఉండే ఈ వానాకాలంలోనే మొదలుపెట్టాలని, తీసిన తీగను బయటికి పంపకుండా పార్కులోనే గచ్చు మీద పూర్తిగా ఎండనిచ్చి ఆ తరువాతే తరలించాలని పురపాలక అధికారులకు మనవి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
హైదరాబాద్