పేరు చెప్పకుండా వెళ్లిపోయిన ఆ పెద్దాయనకు, ఆయన భార్యకు

మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఈ పోస్టు రాస్తున్నాను. ఎవరికి చెప్పాలో వాళ్ల పేర్లు మాకు తెలియవు. తెలిసిందల్లా ఇంతే: భార్యాభర్తలిద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి, తెల్ల పికప్ ట్రక్కు, దాని వెనక చిన్న క్యాంపర్ ట్రైలర్. జూన్ చివరి వారంలో ఒక సాయంత్రం, సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో మా వ్యాన్ టైరు పోయి కంకర రోడ్డు మీద ఆగిపోతే, వాళ్లు బండి ఆపి దిగారు. గంటన్నర మాతోనే ఉన్నారు.

వాళ్లు తెలుగు చదవలేరు. అందుకే ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం పార్కు విజిటర్ సెంటర్‌కు విడిగా పంపించాను, ఎలాగైనా చేరుతుందేమోనన్న ఆశతో. ఇది మాత్రం నాన్న అడిగితే తెలుగులో రాస్తున్నాను. "నేను కూడా చదువుకునేలా రాయమ్మా" అన్నారు.

అమ్మానాన్నలు అమెరికా రావడం ఇదే మొదటిసారి. మినియాపొలిస్ నుంచి ఐదు రోజుల ట్రిప్పు వేసుకున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, వాళ్లిద్దరు. ఐ-90 హైవే మీద పడమటి వైపు వెళ్తుంటే గంటల తరబడి గడ్డి మైదానాలే. అయినా ఈ దారంటే నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఆగి చూడడానికి ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉంటుంది. మిచెల్ ఊళ్లో కార్న్ ప్యాలెస్ అని ఒక భవనం ఉంది. 1892లో మొదలైన ఆనవాయితీ అది. గోడల మీద బొమ్మలన్నీ రంగురంగుల మొక్కజొన్న పొత్తులతో చేసినవే. చాంబర్లేన్ దగ్గర మిస్సోరీ నది ఒడ్డున, దుప్పటి భుజాల వెనక పరుచుకుని నిలబడిన ఆదివాసీ స్త్రీ విగ్రహం ఉంది, 50 అడుగుల ఎత్తు, స్టీలుది. అమ్మ అక్కడి నుంచి ఓ పట్టాన కదలలేదు. ఇక వాల్ డ్రగ్ బోర్డులు. 1931లో ఒక జంట వాల్ అనే చిన్న ఊళ్లో మందుల షాపు కొనుక్కున్నారు. ఐదేళ్లపాటు బేరాల్లేవు. 1936 వేసవిలో "ఉచితంగా ఐస్ నీళ్లు" అని హైవే పక్కన బోర్డులు పెట్టారు. అంతే, జనం రావడం మొదలైంది. ఆ బోర్డులు ఇప్పటికీ దారంతా కనిపిస్తాయి. ఈ కథ చెప్తే నాన్న, "చలివేంద్రం పెట్టారన్నమాట" అన్నారు.

బ్యాడ్‌ల్యాండ్స్‌లో ఆ రోజు పొద్దున్నుంచీ అంతా బాగానే గడిచింది. అమ్మకు ఎక్కువ నడక పనికిరాదు కాబట్టి ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్‌కు తీసుకెళ్లాం. పావు మైలు చెక్క బాట, చక్రాల కుర్చీ కూడా సాఫీగా పోతుంది. 2010లో ఏడేళ్ల పాప ఒకమ్మాయి ఈ పార్కులోనే, విజిటర్ సెంటర్‌కు దగ్గర్లోనే, కోట్ల ఏళ్ల కిందటి కోరపళ్ల పిల్లి పుర్రెను కనిపెట్టింది. అది విన్నప్పటి నుంచీ మా చిన్నది ప్రతి రాయినీ వంగి చూడటమే. పిల్లలిద్దరూ పార్కు వాళ్లు పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం పూర్తి చేసి, రేంజర్ (పార్కు అధికారి) ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి బ్యాడ్జీలు తీసుకున్నారు.

సాయంత్రం ప్రేరీ డాగ్‌లను చూద్దామని సేజ్ క్రీక్ రిమ్ రోడ్డులోకి తిరిగాం. పేరులో డాగ్ అని ఉంది గానీ ఇవి ఉడుత జాతివి, బొరియల దగ్గర నిలబడి కీచుమంటాయి. చూసి తిరిగి వస్తున్నాం. పేలిన చప్పుడేమీ లేదు. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందని మా ఆయన ఆపి దిగారు. కుడి వైపు ముందు టైరు నేలకు అంటుకుపోయి ఉంది. పంక్చర్ కాదు, పక్క గోడ బెత్తెడు పొడుగున చీలింది. గాలి కొట్టే కిట్టు, జిగురు సీసా ఇక ఎందుకూ పనికిరావు. ఫోన్లలో సిగ్నల్ లేదు. అర మైలు దూరంలో రెండు అడవి దున్నలు మేస్తున్నాయి. పడమట ఆకాశం నల్లబడుతోంది. నాన్నకు షుగరు, భోజనం వేళ దాటకూడదు. నాకు టెన్షన్ మొదలైంది.

నాన్న ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేశారు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కిందికి వంగి కూర్చోలేరు. వ్యాన్ చుట్టూ తిరిగి, డిక్కీలో చూసి, "స్టెప్నీ ఏదిరా?" అని మా ఆయన్ని అడిగారు. మాకూ తెలియదు. పాత వ్యాను కొన్నాం, నాలుగేళ్లుగా నడుపుతున్నాం, ఒక్కసారీ చూడలేదు. నాన్న ముఖంలో ఆ నిమిషం కనిపించిన ఇబ్బంది నేను మర్చిపోలేను. జీవితమంతా చేసిన పని, కళ్లెదుటే ఉంది, చెయ్యి పెట్టలేకపోతున్నారు.

అప్పుడే ఆ తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది. పెద్దాయన దిగుతూ అడిగిన మొదటి మాట, "అందరూ బాగానే ఉన్నారా?" టైరు వైపు తర్వాత చూశారు. ఆవిడ అప్పటికే క్యాంపర్ తలుపు తీసి రెండు మడత కుర్చీలు తెచ్చి నీడలో వేశారు. అమ్మను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మేము అడగకుండానే చల్లటి నీళ్లు ఇచ్చారు. నాన్నకు షుగరని చెప్పాను. వెంటనే పొట్లం కట్టిన బిస్కెట్లు, ఒక యాపిల్ తెచ్చి, ఆయన తినేదాకా పక్కనే నిలబడ్డారు.

స్టెప్నీ ఎక్కడుందో కనిపెట్టింది ఆ పెద్దాయనే. ముందు సీట్ల మధ్య కార్పెట్ ఎత్తితే చిన్న ప్లాస్టిక్ మూత, దాని కింద ఒక నట్టు. వీల్ స్పానర్‌తో దాన్ని తిప్పుతుంటే వ్యాన్ కడుపు కింద నుంచి వైరు తాడుకు వేలాడుతూ స్టెప్నీ నెమ్మదిగా దిగింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. "ఓహో, ఇక్కడ దాచారా" అన్నారు.

ఆ తర్వాత అరగంట నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. పెద్దాయన జాకీ పట్టుకున్నారు. నాన్న చెప్పు కాలితో కంకరను నొక్కి చూపించి తల అడ్డంగా ఊపారు: మెత్తగా ఉంది, జాకీ దిగబడిపోతుంది. నాన్న చుట్టూ రాయి కోసం చూస్తుండగానే పెద్దాయన ట్రక్కు వెనక నుంచి ఒక మందపాటి చెక్క ముక్క తెచ్చి అక్కడ పెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒకరికి తెలుగు తప్ప రాదు, ఇంకొకరికి ఇంగ్లిష్ తప్ప రాదు. మా ఆయన మధ్యలో అనువాదం చేయబోతే అవసరం రాలేదు. బండి లేపకముందే నట్లు వదులు చెయ్యాలని నాన్న చేత్తో చూపించేలోపే ఆయన స్పానర్ తగిలించేశారు. ఒక నట్టు మొరాయించింది. నాన్న పైపు తొడిగినట్టు సైగ చేశారు. ఆయన దగ్గర పైపు ఉంది, తొడిగారు, కదిలింది. స్టెప్నీలో గాలి సగమే ఉంది. ఆ చిన్న టైరుకు 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కావాలని దాని మీదే రాసుంటుంది. ట్రక్కులో ఉన్న చిన్న కంప్రెసర్‌తో ఆయన నింపారు. నట్లు బిగించేటప్పుడు నాన్న గాల్లో వేలితో నక్షత్రం గీసి చూపించారు, ఒకదాని తర్వాత దాని ఎదురుది. ఆయన నాన్న భుజం తట్టి, మా ఆయనతో అన్న మాట: "ఈయనకు పని తెలుసు." ఆ మాట తెలుగులో చెప్పించుకుని నాన్న ఆ రాత్రి అమ్మకు రెండుసార్లు చెప్పారు.

ఇంతలో ఒక రేంజరమ్మ వచ్చారు. దారిలో మమ్మల్ని దాటి వెళ్లిన వాళ్లెవరో సిగ్నల్ దొరికిన చోట చెప్పారట. వాళ్లకూ కృతజ్ఞతలు. ఆ మబ్బు చూసి ఆవిడ ఒకటే చెప్పారు: వాన పడితే ఇక్కడి మట్టి సబ్బులా జారుతుంది, ఈ రోడ్డు మీద ఉండకండి, నెమ్మదిగా కదలండి, నేను వెనక వస్తాను. లైట్లు వేసుకుని తారు రోడ్డు దాకా మా వెనకే వచ్చారు. మేము వాల్ ఊరు చేరిన పది నిమిషాలకు వడగళ్ల వాన మొదలైంది. ఆ వాన అక్కడే మా మీద పడి ఉంటే ఏమయ్యేదో నేను ఎక్కువ ఆలోచించదలుచుకోలేదు.

డబ్బులివ్వబోతే పెద్దాయన చెయ్యి కలిపి ఊరుకున్నారు. అమ్మ మాత్రం ఖాళీ చేతులతో పంపనంటే పంపనని సున్నుండల డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. నాకు పేరు అడగాలన్న ఆలోచన వాళ్ల ట్రక్కు మలుపు తిరిగాక వచ్చింది.

మర్నాడు ఆదివారం. మేమున్న మోటెల్‌లోని అమ్మాయి తనకు తెలిసిన టైర్ల షాపాయనకు ఫోన్ చేసింది. సెలవు రోజు షాపు తెరిచి, మా సైజు టైరు వెతికి వేశారు. టైరు ఖరీదు తప్ప పైన ఏమీ తీసుకోలేదు. 50 మైళ్లు నడిపాక నట్లు మళ్లీ బిగించుకోమని చెప్పి పంపారు. ఆ అమ్మాయికి, ఆయనకు కూడా మా దండాలు.

దాంతో మిగిలిన ట్రిప్పు మాకు దక్కింది. మౌంట్ రష్మోర్ చూశాం. 1927 నుంచి 1941 దాకా చెక్కిన కొండ, ఒక్కో ముఖం 60 అడుగులు. కస్టర్ స్టేట్ పార్కులో 18 మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు మీద అడవి దున్నల మంద మా వ్యాన్‌ను రెండు వైపుల నుంచీ దాటుకుంటూ పోయింది. అద్దం ఎత్తేసి, అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నీడిల్స్ హైవేలో ఎనిమిది అడుగుల వెడల్పు సొరంగం గుండా మా ఆయన వ్యాన్ పోనిస్తుంటే నాన్న ముందు సీట్లో కూర్చుని "ఎడమకి... ఎడమకి... చాలు" అంటూ నడిపించారు. అమ్మ ఊరికి తిరిగి వెళ్లాక కూడా ఫోన్‌లో అందరికీ ఇవే కబుర్లు.

ఇది చదివే వాళ్లలో పెద్దవాళ్లను, పిల్లలను తీసుకుని ఇలాంటి చోట్లకు వెళ్లే వాళ్లు చాలామంది ఉంటారు. మీ బండిలో స్టెప్నీ ఉందో లేదో ఇవాళే చూడండి. కొత్త కార్లలో చాలావాటికి అసలు ఇవ్వడం లేదు. ఉంటే ఎక్కడుందో, అందులో గాలి ఉందో లేదో చూడండి. ఆ చిన్న స్టెప్నీ వేసుకున్నప్పుడు గంటకు 50 మైళ్లు దాటకూడదని గుర్తుంచుకోండి. మందులు, నీళ్లు, ఒక పూట తిండి పెద్దవాళ్ల చేతికందేలా పెట్టండి. పార్కుల్లో ఫోన్ పని చేస్తుందని అస్సలు నమ్ముకోకండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇంకొక్క మాట. జాకీ కింద పెట్టిన ఆ చెక్క ముక్క మా దగ్గరే ఉండిపోయింది. హడావుడిలో జాకీతో పాటు మా డిక్కీలోకి వచ్చేసింది. రెండు అంగుళాల మందం, ఒక మూల కాస్త కాలిన మచ్చ, మధ్యలో జాకీ పాదం దిగబడిన గుండ్రటి ముద్ర. ఆ పెద్దాయన దగ్గర అది ఎన్నేళ్ల నుంచి ఉందో. దొరికితే తిరిగి ఇచ్చేస్తాం. అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచుతాం. మేము ఎక్కడికైనా బయల్దేరుతున్నామని చెప్తే చాలు, నాన్న ఊరి నుంచి ఫోన్‌లో మొదట అడిగేది అదే: "చెక్క పెట్టుకున్నారా?"