చెట్టుకు మేకు వద్దు, పక్కన గుంజ పాతండి

సంపాదకులకు,

పార్కుల్లో చెట్లకు పేర్ల పలకలు పెట్టడం మంచి పనే. కానీ కాండానికి మేకు కొడితే, మాను లావెక్కేకొద్దీ బెరడు ఆ రేకును మింగేస్తుంది. మేకు దిగిన గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. చెట్టుకు మీటరు దూరంలో గుంజ పాతి అంకె వేయండి, వివరం గేటు దగ్గరిచ్చే కాగితంలో ఉంటుంది.

నాంపల్లి బాగే ఆమ్ (పబ్లిక్ గార్డెన్స్) లాంటి పాత తోటలో గైడు లేకుండా తిరిగే దారి కిలోమీటరు దాటకూడదు. పది పన్నెండు మజిలీలు, ముప్పావుగంట నడక. బయల్దేరిన గేటుకే తిరిగి చేరాలి, లేకపోతే బండి అక్కడ పెట్టినవాళ్లు సగంలోనే వెనక్కి మళ్లుతారు. అంకె గుంజకు రెండు వైపులా ఉండాలి. పొద్దున వాకింగుకు వచ్చేవాళ్లు ఎదురు దిశలోనూ నడుస్తారు, మన బాణం గుర్తుల మాట వింటారా?

అసలు చిక్కంతా రాతలో ఉంది. నిద్రగన్నేరు దగ్గర శాస్త్రీయ నామం, కుటుంబం రాస్తే ఎవరూ ఆగరు. ‘ఆకులు చూడండి, పొద్దు వాలితే ముడుచుకుంటాయి’ అని రాస్తే తల ఎత్తుతారు. రేల చెట్టు పసుపు గుత్తులు ప్రధానంగా ఏప్రిల్, మే నెలల ముచ్చట. వాటి గురించే రాస్తే మిగతా రోజుల్లో వచ్చినవాడు వెతుక్కుని విసుక్కుంటాడు. మూరెడు పొడవున వేలాడే నల్లటి కాయల గురించి కూడా రాయాలి. మజిలీకి నలభై మాటలు చాలు. తెలుగుకు వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వదలండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. నాంపల్లిలో ఉర్దూ ప్రతి కూడా తప్పనిసరి.

క్యూఆర్ కోడ్ అదనపు సౌకర్యమే. ఎండలో ఫోన్ తెర సరిగా కనపడదు, వెబ్‌సైట్ రుసుము కట్టడం మరిచిన రోజు కోడ్ ఉత్త మచ్చ. ఫ్లెక్సీ అయితే అసలే వద్దు, ఎండకు వెలిసిపోతుంది.

గుంజలు చేయించే ముందు అట్టముక్కల మీద అంకెలు రాసి, కర్రలకు కట్టి, రెండు వారాలు ఉంచండి. ఆ తోట ఎరగని పదిమందికి కాగితమిచ్చి వెనకాలే నడవండి, నోరు మాత్రం విప్పొద్దు. వాళ్లు ఆగి అటూ ఇటూ చూసిన ప్రతిచోటా బాణం గుర్తు కావాలి.

అంకెల రేకులను మరలతో బిగించండి, కాగితం ఐదొందలకు మించి అచ్చు వేయించొద్దు. గాలివానకు ఏడో నంబరు చెట్టు కూలితే రెండూ మార్చాల్సి వస్తుంది.

– ఒక ఉద్యాన నిపుణుడు, రెడ్‌హిల్స్, హైదరాబాద్