డంగమాల్‌లోనే దిగండి, బావా

శ్రీకాకుళం

బావా,

ఫోనులో మొదలుపెడితే తెగే మాట కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకి పిల్లల్నీ అత్తనీ తీసుకుని ఒడిశాలోని భితర్‌కనికా మడ అడవికి వెళ్తామని, పార్కు బయట చాంద్‌బలిలో గది చూసుకుని, పొద్దున్న బోటెక్కి సాయంత్రానికి వెనక్కొచ్చేస్తామని అన్నావు కదా. ఆ గది ఇంకా ఖాయం చెయ్యకు. పార్కు లోపల డంగమాల్‌లో అటవీశాఖ వాళ్ల విడిది ఉంది, అక్కడే దిగండి. ఒక రాత్రి సరిపోదు, రెండు రాత్రులు ఉండండి. అంత దూరం వెళ్లి అడవి బయట పడుకోవడమేటి బావా? అడవి మేలుకునే వేళకి మీరు లోపల ఉండాలి.

పులులున్న అడవుల్లో విడిదులు చాలామటుకు గేటు బయటే ఉంటాయి. జీపు టైముకి లోపలికెళ్లాలి, జీపు టైముకి బయటపడాలి. భితర్‌కనికాలో లోపల పడుకునే వీలు మనలాంటి వాళ్లకి కూడా ఉంది. ఆ వీలుండగా వదులుకోవడం నాకు మనస్కరించదు.

డంగమాలే ఎందుకంటున్నానో చెబుతాను. 1975లో ఆ ప్రాంతాన్ని అభయారణ్యం చేశారు. 1998లో అందులోని 145 చదరపు కిలోమీటర్లని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఉప్పునీటి మొసళ్లని కాపాడే పని కూడా 1975లోనే, ఈ డంగమాల్‌లోనే మొదలైంది. అప్పటికి అక్కడ పెద్ద మొసళ్లు వంద కూడా లేవు. తోళ్ల కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. అడవిలో గూళ్ల నుంచి గుడ్లు ఏరి తెచ్చి, పొదిగించి, పిల్లలు కాస్త ఎదిగాక ఏళ్ల తరబడి ఆ పాయల్లోకే వదిలారు. ఇప్పుడు లెక్కపెడితే 1800 దాటుతున్నాయి. మీరు పడుకునే చోటికి నాలుగడుగుల్లోనే ఆ పని జరిగిన చోటు ఉంటుంది. అక్కడున్న మ్యూజియంకి మన కోడలు పిల్లని తప్పకుండా తీసుకెళ్లు. దానికి ఇప్పుడు అన్నీ అడిగే వయసు.

అసలు సంగతి నీళ్లది. భితర్‌కనికా అంటే బ్రాహ్మణి, బైతరణి నదులు సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి. చూడ్డమంతా బోటులోనే. ఆ పాయల్లో నీళ్లు రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. పోటు మీదుంటే సన్న పాయల్లోకి కూడా బోటు దూరుతుంది, కొమ్మలు తల మీదుగా వెళ్తాయి, పిట్టలు దగ్గరగా కనిపిస్తాయి. ఆటులో నీళ్లు దిగిపోయాక గట్ల మీద బురద బయటపడుతుంది, చలికాలపు ఎండకి మొసళ్లు అప్పుడే పైకొచ్చి పడుకుంటాయి. రెండూ చూడాల్సినవే. కానీ పోటు వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది. చాంద్‌బలి నుంచి వచ్చే బోటుకి మాత్రం వేళ మారదు. పొద్దున్న బయల్దేరితే లోపలికి రావడానికే సుమారు రెండు గంటలు పోతాయి, మళ్లీ వెలుగుండగానే తిరగాలి. మీరొచ్చిన ఆ మధ్యాహ్నం నీళ్లు నిండుగా ఉన్నాయంటే గట్లన్నీ మునిగి ఉంటాయి. ఇక మొసలి కనిపించినా కళ్లూ ముక్కూ మాత్రమే. లోపల రెండు రాత్రులుంటే ఒక పూట కాకపోతే ఇంకో పూట నీళ్లు మీకు అనుకూలిస్తాయి.

మా తోడల్లుడి కుటుంబం కిందటి చలికాలం సరిగ్గా నువ్వనుకున్నట్టే వెళ్లింది. పార్కు బయట ఒక ప్రైవేటు రిసార్టులో దిగారు. గది బాగుందట, టీవీ ఉందట. రాత్రి పదకొండు దాకా ఎవరిదో పుట్టినరోజని స్పీకర్లు మోగాయట. మర్నాడు బోటులో వెళ్తే పోటు మీదుంది. పిల్లలు అలిసిపోయి బోటులోనే నిద్రపోయారు. వాళ్ల ఫొటోలు చూశాను, అన్నీ నీళ్లే. నాకెంత బాధనిపించిందో! అక్కడికి మళ్లీ వెళ్లడం వాళ్లకి ఎప్పటికి కుదురుతుంది చెప్పు.

డంగమాల్‌లో సాయంత్రం ఎలా ఉంటుందో విను. పగటి బోట్లన్నీ వెళ్లిపోతాయి. ఇంజిన్ల మోత ఆగాక అప్పటిదాకా చెవిని పడనివన్నీ వినిపిస్తాయి. చుక్కల దుప్పులు చెట్ల మధ్య నుంచి మెల్లగా విడిది ఆవరణలోకే వస్తాయి, గడ్డి కొరుకుతూ మన వంక చూసి మళ్లీ తల దించుకుంటాయి. నీళ్ల ఉడుములు పొద్దుటే చూశాం, మనిషంత పొడుగు, నాలుక బయటికి చాపుకుంటూ కాలిబాట దాటుతాయి. జెట్టీ దగ్గర బురదని ఒకచోట నిలబడి చూస్తూ ఉండు. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి బురదంతా కదులుతుంది. పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరి వేళ్ల మధ్య గోరంత పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. మగపీతకి ఒక డెక్క చిన్నది, రెండోది దాని ఒంటికంటే పెద్దది. దాన్ని ఎత్తి ఊపుతుంది, దించుతుంది, మళ్లీ ఊపుతుంది. పక్కనే వేలెడంత చేపలు నీళ్లు లేకుండా బురద మీద గెంతుతుంటాయి. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. నీ చెల్లెలే కదల్లేదు, నేను భోజనానికి పిలిచి పిలిచి వెళ్లిపోయాను.

పొద్దున్న ఇంకా బాగుంటుంది. లకుముకి పిట్టలే అక్కడ ఎనిమిది రకాలున్నాయి. రెక్కలు గోధుమరంగులో ఉండి, ఒళ్లంతా నారింజరంగులో మెరిసే పెద్ద లకుముకి ఒకటుంది, అది దాదాపుగా మడ అడవుల్లోనే కనిపిస్తుంది. మంచు పూర్తిగా విడకముందే జెట్టీ దగ్గరికి వెళ్తే చాలు, బోటుతో పని లేదు. చాంద్‌బలిలో పడుకున్నవాడికి ఆ గంట దొరకదు.

మిగతా చోట్ల గురించి కూడా అడిగావు. గుప్తిలోనూ అటవీశాఖ విడిది ఉంది, రాజ్‌నగర్ వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకి అది వీలు. నది ఎదురుగానే, ప్రశాంతంగానే ఉంటుంది. డంగమాల్‌లో గదులు దొరక్కపోతే అక్కడ తీసుకో, తప్పులేదు.

హబలిఖటి మాట వేరు. సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల పక్కన ఉంటుంది. గహిర్‌మఠ అటే, మన కళింగపట్నం ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లే అక్కడికి లక్షల్లో వస్తాయి. పేరు వింటేనే వెళ్లాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ చాలా లోపలికి, బోటు మీదే ఆధారపడ్డ చోటు. అత్తతో, చిన్నపిల్లలతో వద్దు. 2024 అక్టోబరులో దానా తుఫాను తీరం దాటింది కూడా సరిగ్గా ఆ హబలిఖటి, ధామ్రాల మధ్యే. 2018లో తిత్లీ తుఫాను రాత్రి మన ఉద్దానం ఏమైపోయిందో చూసినవాళ్లం, అక్టోబరు నవంబరుల్లో ఆ ఒడ్డున పడుకోమని నేనెవరికీ చెప్పను. దానాకి మడ అడవి అడ్డం నిలబడబట్టే లోపలి ఊళ్లకి దెబ్బ తగ్గిందని అప్పట్లో అందరూ అన్నారు. ఉద్దానానికి అలాంటి అడవి ఒకటుంటే ఎంత బావుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. హబలిఖటికి పిల్లలు పెద్దయ్యాక మనిద్దరం వెళ్దాం.

చాంద్‌బలిని కాదనను. రైలు ఆలస్యమై భద్రక్‌లో పొద్దువాలాక దిగితే ఆ రాత్రికి చాంద్‌బలిలోనే ఆగిపోవాలి, చీకట్లో బోట్లు తిరగవు. అక్కడ ఒడిశా టూరిజం వాళ్ల అరణ్య నివాస్ ఉంది. వైతరణి ఒడ్డునే కాబట్టి పొద్దున్న లేచి అక్కణ్ణుంచే బోటెక్కొచ్చు. (బైతరణి అన్నా వైతరణి అన్నా అదే నది. అత్తకి ముందే చెప్పు, దాటేటప్పుడు దణ్ణం పెట్టుకుంటుంది.)

ఇక అత్త మోకాళ్ల సంగతి. నువ్వు చాంద్‌బలి అనడానికి అసలు కారణం అదేనని నాకు తెలుసు. ఆలోచించి చూడు బావా. చాంద్‌బలిలో ఉంటే ఆవిడ ఒకే రోజు రానూపోనూ నాలుగు గంటలు బోటులో కూర్చోవాలి. డంగమాల్‌లో ఉంటే ఒకసారి దిగితే చాలు. మీరు పాయల్లోకి వెళ్లినా ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని దుప్పుల్ని చూస్తూ కూర్చోవచ్చు. కష్టమల్లా జెట్టీ మెట్ల దగ్గరే. ఆటులో నీళ్లు బాగా దిగితే కింది మెట్లు బురదతో జారతాయి. బోటతన్ని ముందే అడిగి, నీళ్లు నిండుగా ఉన్న వేళకి చేరేలా బయల్దేరండి, అప్పుడు బోటు మెట్ల పైదాకా వస్తుంది. గది తీసుకునేటప్పుడు భోజనాల హాలుకి దగ్గర్లో ఉన్నది అడుగు. ఏసీ గదులూ ఉన్నాయి, మామూలువీ ఉన్నాయి. చలికాలంలో ఏసీకి డబ్బు దండగ, ఆ డబ్బుతో ఇంకోసారి బోటెక్కండి.

పిల్లల విషయంలో మాత్రం ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నీళ్ల అంచుకి ఎవరూ వెళ్లకూడదు. కాళ్లు కడుక్కోవడానిక్కూడా వద్దు. అక్కడి ఊళ్లలో స్నానాల రేవులకి చుట్టూ కంచె కట్టుకుని, ఆ లోపలే మునుగుతారు. బోటులో వెళ్లేటప్పుడు ఆ కంచెలు చూపించి చెబితే పిల్లలకి ఇంకోసారి చెప్పక్కర్లేదు. బోటు అంచు మీద చెయ్యి వేలాడేయకుండా చెల్లెమ్మని చూసుకోమను.

తేదీల దగ్గర జాగ్రత్త. మే ఒకటి నుంచి జూలై నెలాఖరు దాకా మొసళ్లు గూళ్లు కట్టే కాలమని పార్కు మూసేస్తారు. అది నీకు సంబంధం లేదు. కానీ జనవరిలో మొసళ్ల లెక్కింపు కోసం కొద్దిరోజులు ఎవర్నీ రానివ్వరు. పగలు గట్ల మీద, రాత్రి టార్చి వెలుగులో కళ్ల మెరుపుని బట్టి లెక్కపెడతారు. మన పండగ సెలవులకి అది అడ్డం తగలొచ్చు. రైలు టికెట్టు కొనేముందే అది తేల్చుకో. సందేహంగా ఉంటే పండగ ఇంట్లో చేసుకుని ఫిబ్రవరిలో వెళ్లండి, పిల్లలు రెండు రోజులు బడి మానితే ఏమీ కాదు. చలి ఉంటుంది, మొసళ్లు ఎండకి పైకొస్తాయి, క్రిస్మస్ నాటి జనం ఉండరు. కొంగల గూళ్ల కోసమైతే వర్షాకాలం చివర్న వెళ్లాలి. మన ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చింతచెట్ల మీదికొచ్చే చిల్లుముక్కు కొంగలే అక్కడ బగగహనలో వేలకొద్దీ పిల్లలు చేస్తాయి. అవి తేలుకుంచిలో చూసేశావు కాబట్టి ఈసారికి ఫరవాలేదు.

గదులు ఎకో టూర్ ఒడిశా వెబ్‌సైటులో దొరుకుతాయి, భోజనాలతో కలిపే ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే వండుతారు. దాల్మా అత్తకి నచ్చుతుంది, కూరగాయలన్నీ వేసిన పప్పే కదా. అత్త తినే మాత్రలు, టార్చి, దోమల మందు ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్లాలి. లోపల కొట్లు లేవు, సిగ్నల్ కూడా అంతంతమాత్రం. ప్లాస్టిక్ సంచులు వద్దు. విజయనగరంలో ఈస్ట్ కోస్ట్ ఎక్కితే భద్రక్‌లో దింపుతుంది, అక్కణ్ణుంచి చాంద్‌బలికి 50 కిలోమీటర్ల పైచిలుకు, కారు మాట్లాడుకోండి. తిరుగుదారిలో వీలైతే కేంద్రపాడ మీదుగా రండి. బలదేవుడి గుళ్లో అత్తకి దర్శనం అవుతుంది, పిల్లలకి రసాబళి దొరుకుతుంది. చిక్కని పాలల్లో నానిన ఛెన్నా (విరగ్గొట్టిన పాల ముద్ద) బిళ్లలు అవి.

డంగమాల్‌లో గదులు తక్కువ, శని ఆదివారాలు ముందే అయిపోతాయి. వారం మధ్యలో రెండు రాత్రులకి చూద్దాం. నీకు కుదిరే తేదీలు రెండు మూడు రాసి, అందరి ఆధార్ నకళ్లూ వాట్సాప్‌లో పంపించు, చెల్లెమ్మ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే కావాలి. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, కూర్చుని బుక్ చేసేస్తాను.

అత్తకి నమస్కారాలు చెప్పు.

నీ బావ