బండి కోసేస్తే పల్లకీకి ఏడుపు రాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాతతరం తెలుగు సినిమా దర్శకులు బి.ఎన్.రెడ్డి, కె.వి.రెడ్డి గార్ల మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి కొంచెం చిరాగ్గా. సంతోషం ఎందుకంటే, ఈ రోజుల్లో వాళ్లిద్దరికీ సగం పేజీ ఇచ్చేవాళ్లే లేరు. చిరాకు ఎందుకంటే, ఆ సగం పేజీని నిలువునా చీల్చి ఇటు పక్క బి.ఎన్.ది ‘కళ’, తీరుబడి సినిమా అని, అటు పక్క కె.వి.ది ‘వ్యాపారం’, గడియారం లెక్క అని రాసి, చివరికి ఎవరు గొప్పో మార్కులు కూడా వేశారు.

నేను సినిమా పండితుణ్ణి కాను. ప్రొద్దుటూరులో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. 1973లో చేతికింద కుర్రాడిగా చేరినప్పుడు నా పని ప్రొజెక్టరులో వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీలు అందించడం, రీళ్లు చుట్టడం. అప్పట్లో పాత సినిమాలు మార్నింగ్ షోలుగా తిరిగి తిరిగి వచ్చేవి. ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ నా చేతుల మీదుగా ఎన్నిసార్లు నడిచాయో లెక్క లేదు. జనం తెరను చూసేవాళ్లు. నేను క్యాబిన్‌లో ఉన్న చిన్న అద్దం కిటికీలోంచి తెరనూ, జనాన్నీ కలిపి చూసేవాణ్ణి. అందుకే నాలుగు మాటలు రాయాలనిపించింది.

మాకు ఒక పక్క పులివెందుల, ఇంకో పక్క తాడిపత్రి. పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో 1908లో పుట్టినాయన బి.ఎన్. తాడిపత్రిలో 1912లో పుట్టినాయన కె.వి. ఈయన ఇంటిపేరేమో కదిరి! ఆ కదిరి పక్కన కటారుపల్లిలోనే కదా వేమన సమాధి. వేమన మీద సినిమా తీసింది కూడా ఈ కదిరి వెంకటరెడ్డే. ఇందులో పెద్ద విశేషం ఏమీ లేకపోవచ్చు గానీ, మా సీమవాళ్లం ఇట్లాంటివి చెప్పుకోకుండా ఉండలేం.

మీ వ్యాసంలో ఇద్దరి స్నేహం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు, ‘సమకాలికులు, సన్నిహితులు’ అని. అసలు సంగతంతా అక్కడే ఉంది. బి.ఎన్. వాహినీ బ్యానర్ మీద 1939లో ‘వందేమాతరం’, తర్వాత ‘సుమంగళి’, ‘దేవత’ తీస్తున్నప్పుడు డబ్బూ దస్కం, మనుషులూ ఏర్పాట్లూ చూసుకున్న ప్రొడక్షన్ మేనేజరు ఎవరు? కె.వి.నే. ఒకాయన మబ్బు కోసం ఆగుదాం అంటుంటే, ఇంకొకాయన ఆ ఆగడానికి అయ్యే ఖర్చు లెక్క రాసుకుంటూ ఉండి ఉంటాడని నేను ఊహించుకుంటాను. ఊహేలెండి. కానీ మూడు సినిమాలు పక్కన నిలబడి చూసిన మనిషి చేతికి నాలుగోది వచ్చింది. 1943 జనవరిలో విడుదలైన ‘భక్త పోతన’ కె.వి.కి దర్శకుడిగా మొదటి సినిమా. బ్యానరు అదే వాహినీ, రాసింది అదే సముద్రాల, వేషం కట్టింది అదే నాగయ్య. సొంత కంపెనీలో తన తర్వాతి కుర్చీని ఇంకొకరికి వేయడం సినిమా ఫీల్డులో ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక పోలిక. 1951 ఒక్క ఏడాదే చాలు. మార్చిలో కె.వి. ‘పాతాళభైరవి’, డిసెంబరులో బి.ఎన్. ‘మల్లీశ్వరి’. రెండింటిలో హీరో ఎన్టీ రామారావే. రెండూ మూడు గంటలకు పైనే. అందులో తోటరాముడు, ఇందులో నాగరాజు. ఒకడు రాజకుమారి కోసం పాతాళానికైనా దిగుతాడు. రెండోవాడు నోరు జారి చేసిన ఒక్క వేళాకోళానికి మరదల్ని పోగొట్టుకుని శిల్పాలు చెక్కుకుంటాడు.

ఈ రెండింటి తేడా నాకు అర్థమైంది నా తప్పుల వల్ల. రెండు తప్పులు చెబుతాను.

మొదటిది ‘పాతాళభైరవి’తో. అప్పట్లో వెయ్యి అడుగుల రీలు అంటే పదకొండు నిమిషాల బొమ్మ. రెండేసి రీళ్లు ఒక స్పూలుకు చుట్టి, రెండు ప్రొజెక్టర్ల మీద మార్చి మార్చి ఆడించేవాళ్లం. తెర కుడిపక్క పైమూలన చుక్క పడగానే చేంజ్ ఓవర్, అంటే ఈ ప్రొజెక్టరు ఆపి ఆ ప్రొజెక్టరుకు మారడం. డెబ్బైల చివర్లో ఒక ఆదివారం రాత్రంతా నిద్ర లేక, చివరి స్పూళ్లు రెండు తారుమారు చేశాను. తన శిష్యుడు సదాజపుడి వేషంలో వచ్చిన, తోటరాముడి స్నేహితుడు అంజిగాడి మాట విని నేపాళ మాంత్రికుడు గడ్డం తీయించుకుంటాడు కదా, శక్తులన్నీ ఆ గడ్డంలోనే ఉన్నాయి కదా. నా పుణ్యమా అని నున్నటి గడ్డంతో ఉన్న ఎస్వీ రంగారావు ముందు వచ్చేశాడు, గడ్డం ఉన్న రంగారావు తర్వాత వచ్చాడు. బెంచీల్లోంచి ఒకడు అరిచాడు: “మంత్రగాడికి గడ్డం మళ్లా మొల్చిందిరోయ్!” హాలంతా ఈలలు, గోల. అర నిమిషం పట్టలేదు జనానికి కనిపెట్టడానికి. కె.వి. కథలో ఒక్క మేకు ఊడదీస్తే మొత్తం తలుపు ఊడి చేతికొస్తుందని ఆ రోజు తెలిసింది. ఆయన స్క్రిప్టు చదివించి, స్టాప్‌వాచ్ పెట్టి, షూటింగుకు ముందే నిడివి లెక్క కట్టేవారని ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసిన సింగీతం శ్రీనివాసరావు లాంటివాళ్లు చెబుతుంటే, నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు.

రెండోది ‘మల్లీశ్వరి’తో. మార్నింగ్ షో ఆలస్యమై మ్యాటినీకి టైము చాలడం లేదని, ఎక్కడో ఒక చోట కోసెయ్యమని ఓనరు చెప్పాడు. “మొదట్లో ఆ ఎద్దులబండ్ల మీద వచ్చేది ఉంది చూడు, అక్కడ కథేం నడవట్లేదు, అది లేపెయ్” అన్నాడు. నిజమే, చూస్తే కథ ఏమీ నడవదు. వాన ముంచుకొస్తోంది, గిత్తల్ని అదిలిస్తున్నారు, బావామరదళ్లు పాడుకుంటున్నారు, అంతే. నేనే కత్తిరించి, అతుకు వేశాను. జనం నేరుగా మండపంలో దిగారు. ఒక్క ఈల లేదు, ఒక్క అరుపు లేదు. ఎవరికీ తెలియలేదులే అనుకున్నాను.

షో వదిలాక ఒక ముసలామె గేటు దగ్గర నన్ను ఆపింది. “ఏమప్పా, బండి యాడికి పోయింది?” అంది. ప్రింటు పాతదవ్వా, తెగిపోయిందని అబద్ధం చెప్పాను. “ఆ బండ్ల మీద ఇద్దురూ నవ్వుకుంటా వచ్చేది సూస్తేనే కదప్పా, పల్లకీ వచ్చినప్పుడు ఏడుపొచ్చేది. ఈ పొద్దు నాకు ఏడుపే రాల్యా” అని వెళ్లిపోయింది.

ఎద్దులబండిలో ఊరికి వస్తున్న పిల్లను, మారువేషంలో ఉన్న రాయలవారి ముందు బావ వేళాకోళంగా అడిగిన పల్లకీ వచ్చి రాణివాసానికి ఎత్తుకుపోతుంది. బండికీ పల్లకీకీ మధ్య ఉన్న ముడి నాకు అప్పటిదాకా తట్టలేదు. అన్నిసార్లు ఆడించాను కూడా! నేను కత్తిరించిన ముక్క ఆ రాత్రే మళ్లీ అతికించాను. ఓనరు తిట్టాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పండి, బి.ఎన్.ది తీరుబడి సినిమా, లెక్కలేని సినిమా అని ఎట్లా రాస్తారు? ఆ బండి లెక్క గడ్డం లెక్కకు ఏం తీసిపోయింది? కాకపోతే కె.వి. లెక్క తప్పితే జనం వెంటనే అరుస్తారు, బి.ఎన్. లెక్క తప్పితే ఇంటికెళ్లాక ఏదో వెలితిగా ఉంటుంది. అట్లాగే కె.వి.ని ఉత్త గడియారం మనిషి అనడమూ అన్యాయమే. ‘మాయాబజార్’లో వెన్నెల్లో పడవ షికారు చూడండి. అభిమన్యుడూ శశిరేఖా అయ్యాక అదే పడవలో కృష్ణుడూ రుక్మిణీ, తర్వాత బలరాముడూ రేవతీ కూర్చుంటారు. కథను పక్కన పెట్టి మరీ అంత తీరుబడి ఇచ్చాడు ఆయన. ఆ తీరుబడి ఆయనకు ఎక్కడ అబ్బిందో నేను చెప్పలేను గానీ, వాహినీ రోజులే నాకు గుర్తొస్తాయి.

ఒకరి పొలంలో ఒకరు దున్నిన సంగతి కూడా మీవాళ్లు వదిలేశారు. జానపదం కె.వి. సొత్తు అంటారే, 1960లో ‘రాజమకుటం’ తీసింది బి.ఎన్. సాంఘికం బి.ఎన్. సొత్తు అంటారే, 1954లో వాహినీ బ్యానర్ మీదే ‘పెద్దమనుషులు’ తీసి రాష్ట్రపతి వెండి పతకం తెచ్చింది కె.వి. నా అభిప్రాయం అడిగితే, పొరుగు పొలంలో కె.వి.కే పంట బాగా పండింది. ‘రాజమకుటం’ మా హాల్లో రెండో వారం దాకా నిలబడలేదు. ‘పెద్దమనుషులు’ మాత్రం ఇవాళ చూసినా మునిసిపల్ ఎన్నికల ముందు తీసినట్టే ఉంటుంది.

చివరి రోజులు ఇద్దరికీ అంత బాగా గడవలేదు. 1968లో కె.వి. సినిమాలు వరసగా దెబ్బతిన్నాయి. 1969లో ‘బంగారు పంజరం’ తర్వాత బి.ఎన్. మళ్లీ సినిమా తీయలేదు. 1974 సంవత్సరానికి బి.ఎన్.కు ఫాల్కే అవార్డు ప్రకటించారు. దక్షిణాది నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే. కె.వి. 1972లోనే పోయారు. ఆ అవార్డు కబురు విని సంతోషించడానికి ఆయన లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో చిన్న మాట. మీ వ్యాసం పక్కన వేసిన ఫొటో కింద ‘విజయా వారి మల్లీశ్వరి’ అని ఉంది. విజయా వారిది ‘పాతాళభైరవి’. ‘మల్లీశ్వరి’ వాహినీ వారిది. విజయా సంస్థ బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి గార్లది కాబట్టి పొరపాటు పడ్డారేమో. వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆపరేటరు,
ప్రొద్దుటూరు