నాన్న పాసవుటైన సంవత్సరం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఏమీ అనుకోకు. అమ్మానాన్నా డల్లాస్ వచ్చారు, పాపకి బడి మొదలైంది, నా ఉద్యోగం మామూలే. అవన్నీ తర్వాత. ముందు ఇది విను, కడుపులో ఆగట్లేదు.

మొన్న నాన్నని బీపీ చూపిద్దామని క్లినిక్‌కి తీసుకెళ్లా. నేను బయట ఇన్సూరెన్స్ కాగితాలతో కుస్తీ పడుతున్నా. లోపల నర్సు "హావ్ యూ ఎవర్ పాస్డ్ అవుట్?" అందట. మీ బాబాయ్ నిటారుగా కూర్చుని "ఎస్! 1976!" అన్నాడట. ఎన్నిసార్లు అంటే "ఓన్లీ వన్స్. ఫస్ట్ అటెంప్ట్!" అప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అంటే "హోల్ క్లాస్! ఫార్టీ మెంబర్స్!"

నేను వెళ్లేసరికి చొక్కా విప్పి పడుకోబెట్టారు, ఛాతీ నిండా ఈసీజీ వైర్లు. పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి బీపీ చూశారట. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఆ కాలేజీలో గ్యాసేమైనా లీకైందా అని అడిగిందిరా!

ఇక్కడ పాసవుటంటే స్పృహ తప్పడం. చదువు పూర్తయితే 'గ్రాడ్యుయేటెడ్' అనాలి. అలాగని మన వాడుక గాల్లోంచి ఊడిపడలేదు. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగిస్తే పాసవుటే. మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ క్యాడెట్ల పెరేడ్ టీవీలో నోరు తెరుచుకుని చూసేవాళ్లం కదా, అదే. టీచరు పేపర్లు పంచినా పాసవుటే, కానీ 'దెమ్' వస్తే మధ్యలో కూర్చోవాలి: 'పాస్ దెమ్ అవుట్'. గొడుగు మేస్టారు నీకూ నాకూ మధ్య ఎవణ్ణి కూర్చోబెట్టారో గుర్తుందా! ఇక పాస్ పక్కన 'అవే' తగిలిస్తే మనిషే లేడు. మన 'పోవు' మాత్రం తక్కువదా? పాసైపోయాడు, పడిపోయాడు, పోయాడు...

విషయం చెబితే నాన్న మొహం చిన్నబోయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీరా అది. పేపర్లో నంబరు చూసుకుని, కాకినాడ నుంచి ఊరిదాకా సైకిలు ఆపకుండా తొక్కాడట. నర్సు నవ్వుతూ తను రాసుకున్న ఆ లైను కొట్టేయబోతే, "కొట్టేయడం దేనికమ్మా, 1976 నిజమే కదా" అన్నాడు, తెలుగులోనే. నేను ఆవిడకి చెప్పబోయి, గొంతు పట్టేసి...

పాప బస్సు వచ్చేసింది. ఈసీజీ బాగానే ఉంది, పెద్దమ్మకి చెప్పు. ఉంటా.

నీ
రాంబాబు