కోత పడేది సెలవు నెలల్లోనే కాదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు పుట్టాక ఉద్యోగినుల సంపాదన తగ్గిపోవడానికి వారు తమంతట తాము తేలిక పనులు కోరుకోవడమే కారణమని గతవారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకులు రాశారు. ముప్పై ఏళ్లపాటు ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో జీతాల బిల్లులు తయారుచేసిన నాకు ఆ మాట మింగుడుపడలేదు.

ఒకే రోజున, ఒకే జీతంతో చేరిన ఇద్దరి పేర్లు నా రిజిస్టరులో ఒకదాని కింద ఒకటి ఉండేవి. ఐదేళ్లపాటు ఆ రెండు వరుసల్లోనూ అంకెలు ఒకటే. ఆరో ఏట ఆమె ప్రసూతి సెలవుపై వెళ్లి, గడువు ముగిసిన మర్నాడే విధుల్లో చేరారు. పనివేళలు తగ్గించమనీ అడగలేదు, సీటు మార్చమనీ అడగలేదు. అయినా ఆ ఏటి పనితీరు నివేదికలో పై అధికారి ‘అంచనాకు తగినంత కాలం పనిచేయలేదు’ అని రాయడంతో ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఏటా 8 శాతం చొప్పున పెరిగే జీతంలో ఒక్క ఇంక్రిమెంటు తప్పితే, ఆ తర్వాతవన్నీ సక్రమంగా అందినా, పదవీ విరమణ దాకా ప్రతి నెలా ఆమె జీతం తోటి ఉద్యోగి జీతం కంటే 7 శాతానికి పైగా తక్కువగానే ఉంటుంది. జీతాన్ని బట్టి కట్టే పింఛను నిధికీ అదే గతి. ఆ బిల్లు రాసింది నేనే. అప్పట్లో అందులో తప్పేమీ నాకు కనిపించలేదని కూడా ఒప్పుకోవాలి.

ఇది ఒక్క కార్యాలయం సంగతి కాదు. పిల్లల సంరక్షణ కేంద్రాలకు పేరుపొందిన డెన్మార్క్‌లోనే, హెన్రిక్ క్లెవెన్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మొదటి కాన్పు దాకా జంటగా సాగిన స్త్రీ పురుషుల ఆదాయాలు ఆ ఏడే విడిపోయాయి. తండ్రుల ఆదాయం దాదాపు చెక్కుచెదరకపోగా, తల్లులు దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనుకబడే ఉండిపోయారు. ఉద్యోగం మానడం, పనిగంటలు తగ్గడం, గంటకు వచ్చే వేతనం తగ్గడం అనే మూడింటికీ ఇందులో ఇంచుమించు సమాన వాటా ఉంది.

మొదటి రెండింటినీ ఇష్టపూర్వకమనే అనుకుందాం. మూడోదాని మాటేమిటి? 2007లో షెల్లీ కొరెల్, సహచరులు ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారు, అర్హతలు సమానంగా ఉన్న కల్పిత అభ్యర్థుల్లో తల్లి అని తెలిసిన అభ్యర్థినికి సామర్థ్యంలోనూ, నిబద్ధతలోనూ తక్కువ మార్కులు వేసి, తక్కువ ప్రారంభ వేతనం సిఫారసు చేశారు. తండ్రులకు అటువంటి నష్టం జరగలేదు. ఉనికిలోనే లేని ఆ అభ్యర్థిని తేలిక పని ఎప్పుడు కోరుకున్నట్టు?

ఇంట్లో జరిగే నిర్ణయమూ గాలిలోంచి పుట్టదు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చూపినట్టు, ఎప్పుడు పిలిచినా పలకగలిగిన వారికే అనేక వృత్తులు అధికంగా చెల్లిస్తాయి. బిడ్డకు జ్వరం వస్తే ఇద్దరిలో ఒకరు ఇంటికి పరుగెత్తాలి కనుక, తక్కువ జీతం వచ్చే ఉద్యోగమే వంగుతుంది. అప్పటికే ఒక ఇంక్రిమెంటు పోగొట్టుకున్నది ఆమే కదా.

తల్లి సెలవును మాత్రమే పొడిగిస్తూ పోతే ఈ దూరం పెరిగే ప్రమాదమూ ఉంది. నార్వే 1993లోనే తండ్రికి విడిగా నాలుగు వారాలు కేటాయించింది; ఆయన వాడుకోకపోతే అవి సాధారణంగా తల్లికి బదిలీ కావు, రద్దవుతాయి. ఇటువంటి నిబంధన ఇంకా లేని చోట్ల చట్టాలు మారడానికి ఎంత కాలం పట్టినా, ప్రసూతి సెలవు ఉన్న ఏడాదికి అంతకు ముందటి ఏటి పనితీరు మార్కులనే పరిగణించి ఇంక్రిమెంటు మంజూరు చేయడానికి యాజమాన్యం జారీచేసే ఒక్క సర్క్యులర్ చాలు.

ఇట్లు,
విశ్రాంత అకౌంట్స్ ఉద్యోగి