ప్రతి రైడ్ ముందూ తనిఖీ బోర్డు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు జనవరి అంటే నాంపల్లి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన నుమాయిష్‌లో మొదటిసారి జెయింట్ వీల్ ఎక్కినప్పుడు కడుపులో ఎలా తిప్పిందో తాతలూ చెబుతారు, మనవలూ చెబుతారు. 2016లో రావిర్యాలలో వండర్‌లా వినోద పార్కు తెరిచాక, లూపులు తిరిగే పెద్ద రోలర్ కోస్టర్ కూడా ఆ జ్ఞాపకాల్లో చేరింది. నుమాయిష్ ముగిశాక ఎండాకాలమంతా కాలనీ మైదానాల్లో చిన్న ఎగ్జిబిషన్లు నడుస్తూనే ఉంటాయి. ఈ సరదా పదికాలాలు సాగాలనే ఈ లేఖ రాస్తున్నాం. రైడ్లు బిగించే, తనిఖీ చేసే పనిలో ఉన్నవాళ్లం కనుక ఎక్కడ తేడా వస్తుందో, దాన్ని ఎలా పట్టుకోవచ్చో చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

పార్కులో ఒకేచోట నాటుకుని ఉండే కోస్టర్ వేరు, లారీల్లో వచ్చి రోజుల్లో లేచి నిలబడే రైడ్ వేరు. గొలుసు మీద కోస్టర్ పైకి ఎక్కుతున్నప్పుడు టకటకమని వినిపించే చప్పుడు చాలామందికి చిన్ననాటి భయం. అసలు ఆ చప్పుడే రక్షణ. బండి కింద ఉండే ఇనుప నాలుక, పట్టాల మధ్య ఉన్న పళ్లను ఒక్కొక్కటిగా దాటుతున్న శబ్దం అది. గొలుసు తెగినా నాలుక పంటికి తన్నుకుని బండి వెనక్కి జారకుండా ఆపుతుంది. చక్రాలు పట్టాను పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి పట్టుకుని ఉంటాయి కాబట్టి తలకిందులైనా బండి ఊడిరాదు. గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకుల్ని స్ప్రింగులు ఎప్పుడూ బిగించే ఉంచుతాయి, ఒత్తిడి ఇస్తేనే అవి వదులుతాయి. కరెంటు పోతే బండి ఆగుతుందే తప్ప అదుపు తప్పదు.

ఊరూరా తిరిగే రైడ్‌ను మాత్రం ప్రతిచోటా విప్పాలి, మళ్లీ బిగించాలి. ప్రమాదానికి బీజం పడేది అక్కడే. సీట్లను మోస్తూ ఊగే ఇనుప చేతిని ఇరుసుకు కలిపే పెద్ద పిన్ను బయటికి జారకుండా, దాని చివర ఉన్న రంధ్రంలో స్ప్లిట్ పిన్ దూర్చి రెండు కాళ్లూ విడదీసి వంచుతారు. ఒకసారి వంచినదాన్ని మళ్లీ వాడకూడదు, రెండోసారి మడత దగ్గర విరుగుతుంది. విప్పేటప్పుడు అది ఎక్కడో పడిపోతుంది. కొత్తది తెప్పించే ఓపిక లేక బైండింగ్ వైరు చుట్టేస్తారు, లేదా మేకు దూర్చి వంచేస్తారు. ఆ రాత్రి రైడ్ మామూలుగానే తిరుగుతుంది, చూసేవాళ్లకు తేడా ఏమీ కనిపించదు. పెద్ద పిన్ను మాత్రం ఊపు ఊపుకూ వెంట్రుకవాసి జరుగుతూ ఉంటుంది.

లోలకంలా ఊగే రైడ్‌లో ఈ ఊపు బరువెంతో లెక్క చూడండి. చెయ్యి నేలకు సమాంతరంగా లేచేదాకా ఊగి కిందికి వస్తే, అడుగున ప్రతి మనిషీ తన బరువుకు మూడు రెట్లు తూగుతాడు. 50 కిలోల మనిషి అక్కడ 150 కిలోలు. రౌండుకు 20 ఊపులు, సాయంత్రానికి 60 రౌండ్లు అనుకుంటే రోజుకు 1,200 ఊపులు. నుమాయిష్ జరిగే 46 రోజులకు 55 వేలు దాటుతాయి. ఉక్కు ఒక్క దెబ్బకు విరగదు. ఇలా వేలసార్లు లాగి వదిలితే వెల్డింగ్ అంచున సన్నని బీట పడి, కొంచెం కొంచెం లోపలికి పాకుతుంది. 2019 జూలై 14న అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీ మేళాలో పైనుంచి దిగే టవర్ రైడ్ ఒక్కసారిగా కూలి చాలామంది గాయపడ్డారు.

బీటను పట్టుకోవడం కష్టమేమీ కాదు. సీజన్‌కు ముందు కొత్త రంగు వేసి మెరిపించడం వల్ల అది కనబడకుండా పోతుంది. పిన్ను రంధ్రాల చుట్టూ, వెల్డింగ్ అతుకుల మీదా ముందు రంగు గీకేయాలి. జిడ్డు తుడిచి ఎర్రటి ద్రవం స్ప్రే చేసి పది నుంచి ఇరవై నిమిషాలు ఆగాలి. పైపైన తుడిచేసి తెల్లటి పౌడరు చల్లితే, బీటలోకి ఇంకిన ఎరుపు పైకి ఊరి దారంలా గీత కనిపిస్తుంది. ఈ పరీక్ష అయ్యాకే రంగు వేయాలి.

నేల సంగతి ఇంకొకటి. తాత్కాలిక రైడ్లు జాకీల మీద, చెక్క దిమ్మెల మీద నిలబడతాయి. వాన పడినా, పక్క స్టాలు నీళ్లు పారినా ఒక మూల కుంగుతుంది. బెత్తెడు కుంగనక్కర్లేదు, కొద్దిగా వాలినా బరువంతా ఒకవైపు బోల్టుల మీద పడుతుంది. రోజూ తెరిచే ముందు రసమట్టం పెట్టి చూడాలి. బిగించిన ప్రతి నట్టు మీదా, పక్క ఇనుము మీదా కలిపి ఒకే రంగు గీత గీయాలి. గీత తెగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది. తడి నేల మీద కేబుళ్లు పరిచే చోట ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి చేయాలి.

తల్లిదండ్రులు పట్టించుకోవాల్సింది ఎత్తు గీత, అంటే రైడ్ ఎక్కాలంటే ఉండాల్సిన కనీస ఎత్తు చూపే గీత. పిల్లవాడు ఏడుస్తాడని రెండంగుళాలు తక్కువున్నా ఎక్కించమని ఆపరేటర్‌ను బతిమాలతారు. ఒడి మీదికి దిగి మనిషిని సీట్లో పట్టి ఉంచే బార్ ఒకటే ఉండి, దాని కింద తండ్రీ కొడుకూ కూర్చున్నారనుకోండి. బార్ తండ్రి తొడ తగలగానే ఆగిపోతుంది. కొడుకు ఒడికీ బార్‌కూ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. రైడ్ పైకి ఎగిరేసినప్పుడు పిల్లవాడు ఆ సందులోంచి జారతాడు, పక్కనున్న తండ్రి చెయ్యి అంత వేగానికి ఆపలేదు. బార్ పడ్డాక ఆపరేటర్ ప్రతి సీటు దగ్గరా దాన్ని ఒకసారి కిందికి నొక్కి, ఒకసారి పైకి లాగి చూడాలి. చూపులతో సరిపెడితే లెక్కలోకి రాదు. ఆదివారం క్యూ పెరిగితే మొదట మానేసేది ఈ పనినే.

రైడ్ మధ్యలో ఆగితే ఏం చేయాలన్నది బిగించిన రోజే తేలాలి. తలకిందులుగా ఆగినవాళ్లకు ప్రతి నిమిషం ప్రమాదమే, రక్తం తలకు చేరుతుంది. బ్రేకును చేత్తో వదిలే లీవర్ ఎక్కడుంది, దాన్ని ఎవరు వదలాలి, నిచ్చెన ఏ పక్క వేయాలి, ఇవన్నీ ఖాళీ రైడ్ మీద ముందే సాధన చేయించాలి. ఎండాకాలం ఎగ్జిబిషన్లకు గాలివాన బెడద అదనం. యూరప్ ప్రమాణం ఈఎన్ 13814 రైడ్ నడుస్తుండగా సెకనుకు 15 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటుంది. అంటే గంటకు 54 కిలోమీటర్లు. సాయంత్రం పూట మన ఊళ్లో లేచే గాలి దాన్ని తేలిగ్గా దాటుతుంది. గాలి కొలిచే పరికరం లేని మైదానంలో ఎత్తైన రైడ్ నడపనివ్వకూడదు.

భారత ప్రమాణాల సంస్థ 2004లోనే ఐఎస్ 15475 పేరుతో రైడ్ల భద్రతకు ప్రమాణం ప్రకటించింది. రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదం తర్వాత గుజరాత్ 2024లో రైడ్లకూ గేమ్ జోన్లకూ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తెలంగాణ కూడా తేవాలి. మైదానం మొత్తానికి కలిపి ఇచ్చే అనుమతి సరిపోదు. ప్రతి రైడ్‌నూ ఆ నేల మీద బిగించాక, రైడ్ యజమాని జీతం తీసుకోని ఇంజినీరు వచ్చి చూడాలి. సీటుకు 75 కిలోల చొప్పున ఇసుక బస్తాలు వేసి నడిపించాలి. తర్వాత ఒకవైపు సీట్లే నింపి, బరువు అటూ ఇటూ సమంగా లేకుండా ఇంకోసారి నడిపించాలి. జెయింట్ వీల్ ఊగిపోయేది ఒకవైపు తొట్లే నిండినప్పుడు.

అన్నిటికంటే తేలికగా, వెంటనే చేయగలిగింది రైడ్ ముందు బోర్డు. బీట పరీక్ష చేసిన తేదీ, ఇక్కడ బిగించిన తేదీ, బరువు పరీక్ష చేసిన తేదీ, చూసిన ఇంజినీరు పేరు, ఎంత ఎత్తున్నవాళ్లు ఎక్కవచ్చు, ఎంత గాలికి ఆపాలి, ఈరోజు పొద్దున తనిఖీ చేసినవారి సంతకం. తెలుగులో, ఉర్దూలో, అందరికీ కనపడే అక్షరాల్లో రాయాలి. టికెట్ కొనే తల్లి ఆ తేదీలు చదివి, ఎక్కించాలా వద్దా నిర్ణయించుకుంటుంది. ఈరోజు సంతకం లేని రైడ్‌కు టికెట్ అమ్మకూడదు.

నుమాయిష్ జనవరి 1న మొదలవుతుంది. రైడ్లు బిగించడం అంతకు ముందే మొదలుపెట్టాలి కనుక, జిల్లా కలెక్టర్, పోలీసు కమిషనర్ కలిసి ఈ తనిఖీలనూ బోర్డునూ తప్పనిసరి చేసే ఉత్తర్వు నవంబరులోగా ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
రైడ్ల బిగింపు, తనిఖీ పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు, మెకానిక్కులు,
మలక్‌పేట, హైదరాబాద్